పాత చారిత్రక మహాచిత్రాలు: మంచి డిస్కును ఎంచడం, పరీక్షించడం, టీవీలో సరిగ్గా చూడడం

బ్లూ-రే పెట్టగానే తెరంతా సన్నటి గింజలు (ఫిల్ము గ్రెయిన్) కదులుతూ కనిపిస్తే డిస్కు బాగాలేదని చాలామంది తేల్చేస్తారు. ముఖాలు నున్నగా, అంచులు పదునుగా ఉంటే ఎంత శుభ్రం చేశారో అంటారు. పాత చారిత్రక చిత్రాల విషయంలో ఈ తీర్పు చాలాసార్లు తప్పుతుంది. బొమ్మ ఏర్పడిందే ఆ గింజలతో. వాటిని తుడిచేస్తే కవచాల మీది గీతలు, ఉన్ని వస్త్రాల నేత, ఎడారి ఇసుక తరగలు కూడా వాటితోపాటే పోతాయి. డిస్కును పోల్చాల్సింది నిన్న మొన్న తీసిన సినిమాతో కాదు, ఆ చిత్రం అసలు నెగెటివ్‌లో ఏముందో దానితో. అందుకే పని అక్కడినుంచే మొదలుపెట్టాలి.

1. ఏ ఫిల్ము మీద తీశారో ముందు కనుక్కోండి

1950లలో టీవీ పోటీని తట్టుకోవడానికి స్టూడియోలు వెడల్పు తెరకు మారాయి. చారిత్రక చిత్రాలే ఈ కొత్త పద్ధతులకు ప్రదర్శనశాలలయ్యాయి. పద్ధతిని బట్టి నెగెటివ్‌లో పట్టే వివరం మారుతుంది, మీరు డిస్కు నుంచి ఆశించదగిందీ మారుతుంది.

సినిమాస్కోప్‌లో మామూలు 35 మి.మీ. ఫిల్ము మీద బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి తీస్తారు, ప్రొజెక్టర్ లెన్సు దాన్ని మళ్లీ సాగదీస్తుంది. ఈ పద్ధతిలో మొదట విడుదలైన ‘ద రోబ్’ (1953) వెడల్పు-ఎత్తుల 2.55:1 నిష్పత్తిలో ఉంటుంది. ఫిల్ము మీద ఆప్టికల్ సౌండ్ పట్టీకి చోటివ్వాల్సి వచ్చాక అది 2.35:1కి తగ్గింది. ఈ చిత్రాల్లో గింజలు ఎక్కువ, అంచుల దగ్గర బొమ్మ మెత్తబడుతుంది.

విస్టావిజన్‌లో అదే 35 మి.మీ. ఫిల్మును కెమెరాలో అడ్డంగా నడిపి, ఒక్కో ఫ్రేముకు ఫిల్ము అంచులోని 8 రంధ్రాల మేర వాడతారు. ‘ద టెన్ కమాండ్‌మెంట్స్’ (1956) ఇలా తీసిందే. టెక్నిరామా కూడా ఇలా అడ్డంగా నడిచేదే, కాకపోతే బొమ్మను ఒకటిన్నర రెట్లు నొక్కుతారు. ‘స్పార్టకస్’ (1960), ‘ఎల్ సిడ్’ (1961) ఈ కోవలోవి.

ఇక అసలైన పెద్ద ఫిల్ము 65 మి.మీ. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ (1962), ‘క్లియోపాత్రా’ (1963) దీనిమీద నొక్కుడు లేకుండా తీసినవి, నిష్పత్తి 2.20:1. ‘బెన్-హర్’ (1959), ‘ద ఫాల్ ఆఫ్ ద రోమన్ ఎంపైర్’ (1964) అదే 65 మి.మీ. మీద 1.25 రెట్లు నొక్కి తీసినవి, అందుకే 2.76:1 వెడల్పు వస్తుంది. 65 మి.మీ. ఫ్రేము విస్తీర్ణం మామూలు 35 మి.మీ. ఫ్రేముకు మూడు రెట్లకు పైనే. కాబట్టి 65 మి.మీ. చిత్రం మీ టీవీలో సినిమాస్కోప్ చిత్రంకన్నా మసగ్గా ఉంటే, లోపం డిస్కుదో, దాన్ని తయారుచేసిన మూల ప్రతి అయిన మాస్టరుదో అయి ఉంటుంది.

వెడల్పు పెరిగేకొద్దీ డిస్కులో బొమ్మకు దక్కే గీతలు (బొమ్మను కూర్చే అడ్డ వరుసలు) తగ్గుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1920×1080 బ్లూ-రేలో 1.85:1 చిత్రానికి 1038 గీతలు, 2.20:1కి 873, 2.35:1కి 817, 2.55:1కి 753, 2.76:1కి 696 మాత్రమే మిగులుతాయి. పైనా కిందా నల్లపట్టీలు తక్కినవి తినేస్తాయి. అదే 2.76:1 చిత్రానికి 3840×2160 (4కె) డిస్కులో సుమారు 1391 గీతలుంటాయి. 480 గీతల డీవీడీలో 309. బొమ్మను నొక్కి నింపకుండా 4:3 చట్రంలోనే పట్టీలు వేసి ఇచ్చిన తొలినాటి డీవీడీల్లోనైతే 232. మిగతా ఏ రకం సినిమాకన్నా ఈ అతివెడల్పు చిత్రాలకే 4కె డిస్కు వల్ల ఎక్కువ లాభమని చెప్పడానికి ఈ లెక్కే ఆధారం.

2. అట్టమీద రాసింది జాగ్రత్తగా చదవండి

‘రీమాస్టర్డ్’ అంటే పాత స్కాన్‌నే మళ్లీ రంగులు దిద్ది వదిలినదీ కావచ్చు. ‘రిస్టోర్డ్’ అన్న మాట కూడా ఒక్కటే ఉంటే సరిపోదు. నాలుగు సంగతులు వెతకండి: స్కాన్ చేసింది అసలు కెమెరా నెగెటివ్‌నా, దాని నకలునా, స్కాన్ ఎంత పెద్దది, ఏ సంవత్సరంలో చేశారు, రంగులు దేన్ని చూసి దిద్దారు. చివరిదానికి మంచి జవాబు ఆనాటి టెక్నికలర్ డై ట్రాన్స్‌ఫర్ ప్రింటు. ఆ ప్రింట్లలో రంగు దాదాపు వెలవదు, కాబట్టి ఆ చిత్రం ఎలా ఉండాలో చెప్పే నమ్మకమైన సాక్షి అదే. ‘4కెలో మాస్టర్ చేశాం’ అని మామూలు బ్లూ-రే మీద ఉంటే కంగారుపడొద్దు, డిస్కులో ఉండేది 1080 గీతలే. స్కాన్ మంచిదైతే ఆ 1080 కూడా బాగుంటుంది.

‘బెన్-హర్’ 2011 బ్లూ-రే, ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ 2012 పునరుద్ధరణ రెండూ 65 మి.మీ. నెగెటివ్‌ను 8కెలో స్కాన్ చేసి చేసినవి. ఇంత పెద్ద పని ఎందుకంత అరుదో ఒక చిన్న లెక్క చెబుతుంది. 222 నిమిషాల చిత్రంలో 3,19,680 ఫ్రేములుంటాయి. 4కె, 10 బిట్ల స్కాన్‌లో ఒక్కో ఫ్రేము దాదాపు 51 మెగాబైట్లు. అంటే శుభ్రం చేయడం మొదలుపెట్టకముందే 16 టెరాబైట్లకు పైగా డేటా. 8కె అయితే దీనికి నాలుగింతలు.

నెగెటివ్ ఉన్నంత మాత్రాన అది వాడుకోదగ్గదని కాదు. 1950లో వచ్చిన ఈస్ట్‌మన్‌కలర్ నెగెటివ్‌లలో రంగు పొరలు ఒక్కో వేగంతో వెలుస్తాయి. ‘స్పార్టకస్’ నెగెటివ్‌లో పసుపు పొర వెలిసిపోవడంతో 1991 పునరుద్ధరణకు నలుపు-తెలుపు సెపరేషన్ మాస్టర్లను ఆశ్రయించారు. ఇవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సమాచారాన్ని విడివిడిగా మూడు వెండి ఫిల్ముల మీద దాచినవి. వెండి బొమ్మకు రంగు వెలిసే బెడద లేదు. కానీ మూడు ఫిల్ములూ ఏళ్లు గడిచేకొద్దీ వేర్వేరుగా కుంచించుకుపోతాయి. మళ్లీ కలిపినప్పుడు సరిగ్గా కుదరకపోతే అంచుల వెంట ఎరుపు, నీలం గీతలు తేలతాయి. మీ డిస్కులో ఫ్రేము మధ్యలో సరిగ్గా ఉండి మూలల్లో మాత్రమే రంగు అంచులు కనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

నిడివి కూడా చూడాలి. ఈ చిత్రాలను మొదటి ప్రదర్శన తర్వాత తెగ కత్తిరించేవారు. ‘స్పార్టకస్’ నుంచి కోసేసిన స్నానపు సన్నివేశాన్ని 1991లో తిరిగి చేర్చినప్పుడు శబ్దం దొరకలేదు, అప్పటికే మరణించిన లారెన్స్ ఒలివియే సంభాషణలను ఆంథొనీ హాప్‌కిన్స్ చెప్పారు. ఇలాంటి భాగాల్లో బొమ్మ నాణ్యత పక్క షాట్లకన్నా తక్కువగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. 50 హెర్ట్జ్ దేశాల డీవీడీల్లో నిడివి తక్కువగా కనిపిస్తే కోత అని వెంటనే అనుకోవద్దు. 24 ఫ్రేముల చిత్రాన్ని 25 ఫ్రేములతో నడిపితే 200 నిమిషాలు 192 అవుతాయి. సంగీతం శ్రుతి కూడా కొద్దిగా పెరుగుతుంది.

3. డిస్కులో చోటు సరిపోయిందా?

నాలుగు గంటల చిత్రాన్ని ఒక్క డిస్కులో కుక్కితే ఎంత గొప్ప పునరుద్ధరణైనా చెడుతుంది. డిస్కు జీబీలను 133తో హెచ్చించి, నిమిషాలతో భాగించండి. సెకనుకు సగటున ఎన్ని మెగాబిట్లు దొరుకుతాయో వస్తుంది. 240 నిమిషాల చిత్రానికి 25 జీబీ డిస్కులో సుమారు 14, 50 జీబీలో 28, 66 జీబీ 4కె డిస్కులో 37, 100 జీబీలో 55 వస్తాయి. ఇందులోనే శబ్దం, అదనపు భాషలు, ప్రత్యేక కార్యక్రమాలు కూడా సర్దుకోవాలి. బ్లూ-రేలో బొమ్మకు గరిష్ఠ పరిమితి 40. గింజలు ఎక్కువున్న చిత్రానికి 14 అసలు చాలదు. గింజలు ప్రతి ఫ్రేములోనూ కొత్తగా ఉంటాయి కాబట్టి కంప్రెషన్‌కు అవే అన్నిటికన్నా కష్టమైన సరుకు. విరామం దగ్గర రెండు డిస్కులుగా విడగొట్టిన ముద్రణ కనిపిస్తే నిస్సంకోచంగా దాన్నే తీసుకోండి. లేచి డిస్కు మార్చడం ఇబ్బందేమీ కాదు, ఆ చిత్రాలకు విరామం ఎలాగూ ఉంది.

4. డిస్కును పరీక్షించడం

గది చీకటి చేసి, టీవీ సెట్టింగులు (ఆరో అంశం చూడండి) సరిచేశాకే ఇది చేయాలి. లేకపోతే టీవీ చేసిన తప్పును డిస్కు మీద వేస్తారు.

మొదట ముఖాలు. దగ్గరగా తీసిన, కొంచెం కదులుతున్న ముఖాన్ని ఎంచుకుని ఒక్కో ఫ్రేమే ముందుకు జరపండి. అసలు గింజలైతే ప్రతి ఫ్రేములోనూ అమరిక పూర్తిగా మారుతుంది. ముఖం కదిలినా గింజలు దానికి అతుక్కుని కదిలితే, లేదా వెనకున్న గోడ మీద అలాగే గడ్డకట్టి ఉంటే, డిజిటల్ నాయిస్ రిడక్షన్ గట్టిగా వాడారు. దాన్నే అందరూ డీఎన్‌ఆర్ అంటారు. ఆ సాఫ్ట్‌వేర్ పక్కపక్క ఫ్రేములను సగటు తీస్తుంది. నిలకడగా ఉన్నవి మిగులుతాయి, కదిలేవి అలుక్కుపోతాయి. చర్మం మైనంలా మారడం దీని ఆఖరి దశ. ‘స్పార్టకస్’ 2010 బ్లూ-రే ఇందుకే తీవ్రంగా విమర్శల పాలైంది, 2015లో కొత్త పునరుద్ధరణతో మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది.

తర్వాత ఆకాశం ముందు నిలబడ్డ సైనికులు, ఈటెలు, కోట బురుజులు. నల్లటి అంచు పక్కన సన్నటి తెల్లగీత కనిపిస్తే కృత్రిమంగా పదును పెంచారు. దీన్ని ఫ్రేము ఆపి చూడొచ్చు. డీఎన్‌ఆర్‌తో పోయిన వివరాన్ని పైపైన తిరిగి చూపించడానికి ఇది చేస్తారు కాబట్టి రెండూ తరచూ జంటగానే వస్తాయి.

మూడోది బాణాలు, నిప్పురవ్వలు, ఎగిరే ఇసుక, రథచక్రాల కింద చిందే మట్టి. దుమ్ము తీసే సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క ఫ్రేములో కనిపించి మాయమయ్యే ప్రతిదాన్నీ మచ్చ అనుకుంటుంది. వేగంగా పోయే బాణం దాని కంటికి దుమ్మే. ‘గ్లాడియేటర్’ (2000) తొలి బ్లూ-రేలో మొదటి యుద్ధఘట్టంలో కొన్ని నిప్పుబాణాలు ఇలాగే చెరిగిపోయాయి. పునరుద్ధరణ బృందంలో మనిషి ప్రతి షాట్‌నూ చూసి సరిదిద్దితే తప్ప ఈ తప్పు ఆగదు. యుద్ధాలు నిండిన ఈ చిత్రాల్లో దీనికి అవకాశం మరీ ఎక్కువ.

నాలుగోది వేలమంది గుంపులు. కెమెరా నెమ్మదిగా జరిగే షాట్‌లో దూరపు తలలు చతురస్రాల ముద్దగా మారుతున్నాయా చూడండి. మారితే బిట్‌రేట్ (సెకనుకు దక్కే బిట్లు) చాల్లేదు. ఐదోది దివిటీ వెలుగు. మంట చుట్టూ వెలుగు మెట్లుమెట్లుగా విరిగితే అది బ్యాండింగ్. చీకట్లోని వస్త్రాల మడతలు ఒక్క నల్లముద్దగా ఉంటే నలుపును నొక్కేశారు.

రంగులకు తెల్లటి వస్తువులే కొలత. పాలరాయి, తెల్లటి టోగాలు, ఒంటెల పక్కన తెల్లటి అంగీలు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా లేతనీలం-ఆకుపచ్చ వైపు మొగ్గితే, ఇప్పటి అభిరుచికి తగ్గట్టు రంగులు మార్చారని అనుమానించాలి. చిత్రమంతా గులాబీ వైపు మొగ్గితే మూలం వెలిసిన ప్రింటు. ఈస్ట్‌మన్‌కలర్ ప్రింట్లలో నీలివర్ణపు పొర, పసుపు పొర ముందు పోతాయి, మెజెంటా మిగులుతుంది.

5. డిస్కు తప్పు కానివి

పాత చిత్రాల్లో ఒక దృశ్యం మరోదానిలోకి కరిగేచోట బొమ్మ ఉన్నట్టుండి గరుకుగా, మసగ్గా మారి, అది ముగిశాక మళ్లీ తేటపడుతుంది. ఆ డిజాల్వ్‌లను ల్యాబులో నకలు తీసి కలిపేవారు, నెగెటివ్‌లో అతికించి ఉన్నదంతా ఆ నకలే. ఎన్ని కె స్కాన్ చేసినా అంతే. దీన్ని దాచడానికి గట్టిగా ప్రయత్నించిన డిస్కుకన్నా ఆ తేడాను ఉన్నదున్నట్టు వదిలిన డిస్కు మేలు.

తొలి సినిమాస్కోప్ చిత్రాల్లో దగ్గరి షాట్లలో ముఖాలు అడ్డంగా ఉబ్బినట్టుంటాయి, అది అప్పటి లెన్సుల గుణం. సముద్రాలు చీలే దృశ్యాల్లో మనుషుల చుట్టూ నీలి అంచులు, చిత్రించిన కోటల దగ్గర కనిపించే అతుకులు నెగెటివ్‌లోనే ఉన్నాయి. పగలు తీసి రాత్రిలా చూపించిన షాట్లు నీలంగా, కాస్త చీకటిగా ఉండాలి. అవి పట్టపగల్లా కనిపిస్తే మాత్రం రంగులు దిద్దిన కలరిస్టు గమనించలేదన్నమాట.

మొదటి కొన్ని నిమిషాలు సంగీతం తప్ప బొమ్మ రాకపోతే కంగారొద్దు. అది ఓవర్చర్. తెర తీయకముందు జనం కుర్చీల్లో సర్దుకునేటప్పుడు వినిపించేది. విరామం తర్వాత, చివరా కూడా ఇలాంటి సంగీతం ఉంటుంది. ఇవి ఉన్న ముద్రణే పూర్తిది.

మూకీ చిత్రాల్లో వేగం వేరే సమస్య. అప్పట్లో కెమెరా సెకనుకు 16 నుంచి 24 ఫ్రేముల మధ్య ఎలాగైనా తిరిగేది. నటులు గబగబా పరుగెడుతున్నట్టుంటే వేగం తప్పు పెట్టారు. సరైన వేగంతో చేసినప్పుడు 24 ఫ్రేముల డిస్కులో అక్కడక్కడ ఒక ఫ్రేము రెండుసార్లు పడుతుంది, కదలికలో చిన్న తొట్రుపాటు కనిపిస్తుంది. దానికి సర్దుకోవాలి. ఏబెల్ గాన్స్ ‘నెపోలియన్’ (1927) చివర మూడు ప్రొజెక్టర్ల బొమ్మ పక్కపక్కన వచ్చి 4:1 వెడల్పవుతుంది. మామూలు టీవీలో అది సన్నటి పట్టీలా కనిపించక తప్పదు.

6. టీవీ, ప్లేయరు సరిచేయడం

టీవీలో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే సినిమా లేదా మూవీ మోడ్. కలర్ టెంపరేచర్ ‘వార్మ్’లో ఉండాలి, మొదట పసుపుగా అనిపించినా కన్ను త్వరగానే అలవాటుపడుతుంది. తర్వాత కదలికను నునుపు చేసే సెట్టింగు ఆపండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లాంటి పేర్లతో ఉంటుంది. అది లేని ఫ్రేములను పుట్టిస్తుంది, గుర్రాల కాళ్ల చుట్టూ చిరుగులు తెస్తుంది. నాయిస్ రిడక్షన్, ఎంపెగ్ నాయిస్ రిడక్షన్, డైనమిక్ కాంట్రాస్ట్ అన్నీ ఆఫ్. లేకపోతే స్టూడియో జాగ్రత్తగా దాచిన గింజలను మీ టీవీ చెరిపేస్తుంది.

షార్ప్‌నెస్‌కు ఒకే అంకె చెప్పలేం. కొన్ని టీవీల్లో తటస్థ స్థానం 0, కొన్నిట్లో మధ్యలో 50. టైటిల్ అక్షరాల దగ్గర ఆపి, అక్షరం చుట్టూ తెల్లగీత కనిపించేదాకా పెంచి, ఆ గీత పూర్తిగా పోయేదాకా తగ్గించండి. అక్కడే ఆపాలి. ఓవర్‌స్కాన్ తప్పక ఆపండి. ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’, ‘ఫుల్ పిక్సెల్’ అన్నవి దాన్ని ఆపే సెట్టింగు పేర్లే. ఓవర్‌స్కాన్ ఉంటే టీవీ బొమ్మను నాలుగు వైపులా కోసి, మిగిలింది సాగదీసి చూపిస్తుంది.

ప్లేయర్‌లో 24పీ అవుట్‌పుట్ ఆన్ చేయండి. లేకపోతే 24 ఫ్రేములను 60కి సర్దడానికి ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపిస్తుంది, ఎడారి మీద నెమ్మదిగా జరిగే కెమెరా కుదుపులతో నడుస్తుంది. 4కె డిస్కులకు 18 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే మంచిది, చాలా టీవీల్లో ఆ పోర్టుకు ‘ఎన్‌హాన్స్‌డ్’ లాంటి సెట్టింగు విడిగా ఆన్ చేయాలి. చేయకపోతే హెచ్‌డీఆర్ (వెలుగు-చీకట్ల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) రాకపోవచ్చు. నల్లపట్టీలు పోగొట్టడానికి జూమ్ వాడొద్దు. 2.76:1 చిత్రాన్ని 16:9 తెర నిండా పెంచితే వెడల్పులో మూడో వంతుకు పైగా పోతుంది.

పట్టీలు ఇబ్బంది పెడితే దగ్గరికి జరగడమే మందు. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, దానిమీద 2.76:1 బొమ్మ ఎత్తు 44 సెంటీమీటర్లే. 1080 డిస్కుకు తెర ఎత్తుకు 3.2 రెట్ల దూరం, అంటే దాదాపు 220 సెంటీమీటర్లు ప్రమాణంగా చెబుతారు. 4కె డిస్కుకు అందులో సగం వరకూ వెళ్లొచ్చు. ఈ చిత్రాలను చూపు అంచుల దాకా నిండేలా తీశారు, మూడు మీటర్ల దూరం నుంచి ఆ ప్రభావం రాదు.

7. హెచ్‌డీఆర్ విషయంలో మితం

థియేటర్‌లో ప్రొజెక్టర్ తెలుపు సుమారు 48 నిట్లు (వెలుగు కొలత). ఆ వెలుగు కోసమే ఛాయాగ్రాహకులు ఈ చిత్రాలు తీశారు. కాబట్టి 4కె డిస్కులో ఆకాశమంతా కళ్లు జిగేల్మనేలా ఉంటే అది కొత్తగా తెచ్చిపెట్టింది. మంచి హెచ్‌డీఆర్‌లో మొత్తం బొమ్మ శాంతంగా ఉండి, కవచం మీద ఎండ మెరుపు, దివిటీ నాలుక, నీటి తళుకు మాత్రమే పైకి లేస్తాయి. చిత్రం మరీ చీకటిగా ఉందనిపిస్తే వెంటనే బ్రైట్‌నెస్ పెంచకండి. ముందు గదిలో దీపాలు ఆర్పి, టీవీ ఎనర్జీ సేవింగ్ ఆపి చూడండి.

8. రెండు ముద్రణలు పోల్చేటప్పుడు

కొత్త డిస్కు కొన్న రోజే పాతది వదిలించుకోవద్దు. రెంటినీ ఒకే ప్లేయర్, ఒకే ఇన్‌పుట్‌లో పెట్టి, పైన చెప్పిన ఐదు రకాల షాట్లూ ఎంచి చూడండి. ఒకే ఫ్రేము కాకపోతే పోలిక పనికిరాదు. కంప్రెషన్‌లో కొన్ని ఫ్రేములకు ఎక్కువ బిట్లు, కొన్నిటికి తక్కువ వెళ్తాయి కాబట్టి ఒకే చోట ఆగకుండా వరుసగా ఐదారు ఫ్రేములు చూడాలి. అంచుల గీతలు, రంగులు ఆపి చూడొచ్చు గాని, గింజలను ఒక్క ఫ్రేములో తేల్చలేం, వరుసగా జరుపుతూనో నడిపిస్తూనో చూడాలి. ఫోన్ కెమెరాతో తీసిన ఫోటోలతో పోల్చడం వృథా. ఫోన్ తనంతట తనే పదును పెంచుతుంది, రంగులు మారుస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే స్క్రీన్‌షాట్లు వాడితే పీఎన్‌జీ ఫార్మాట్‌లో, పూర్తి సైజులో ఉన్నవే చూడండి. జేపెగ్‌లో గింజలు ముందే పోయి ఉంటాయి, చెడ్డ డిస్కూ మంచి డిస్కూ అక్కడ ఒకేలా కనిపిస్తాయి. హెచ్‌డీఆర్ డిస్కు స్క్రీన్‌షాట్లను రంగుల కోసం నమ్మొద్దు, మామూలు తెరకు సరిపడేలా మార్చేటప్పుడే అవి మారిపోయి ఉంటాయి.